పెద్దమ్మ బొమ్మ లోపల

ఇందులోంచి నాకు లోకం అరచేతి వెడల్పే కనిపిస్తుంది. పెద్దమ్మ బొడ్డు ఉండాల్సిన చోట, బొమ్మలు చేసే రుతీలియో తాత గుడ్డ కత్తిరించి దోమతెర ముక్క కుట్టాడు. అందులోంచే చూడాలి, అందులోంచే ఊపిరి పీల్చాలి. నా తలకి పైన ఇంకో మనిషి ఎత్తున పెద్దమ్మ ఛాతీ ఉంది, దానిపైన కాగితపు గుజ్జుతో చేసిన పెద్దమ్మ తల, రెండు జడలు, ఎడమ చెంప మీద పుట్టుమచ్చతో సహా. ఆ బరువంతా రెల్లు బద్దల మీదుగా నా భుజాల్లోకి దిగుతోంది. నేను గిర్రున తిరిగితే ఆవిడ తిరుగుతుంది, ఆవిడ గడ్డి చేతులు గాల్లోకి లేచి ఎవరినో చెంప మీద కొడతాయి, జనం నవ్వుతారు. ఎవరిని కొట్టానో నాకు తెలీదు. నిజం పెద్దమ్మ, చోనా పెద్దమ్మ, నా వెనకాలే ఎక్కడో తలమీద పూలబుట్ట పెట్టుకుని నడుస్తోంది, తన బొమ్మ లోపల ఉన్నది బేతో మామ అనుకుంటోంది. మేమంతా తలో గదిలో ఉండే లోగిట్లో నేను గేటు దగ్గర కూర్చున్నాననుకుంటోంది. అలా అనుకుని నిశ్చింతగా నడుస్తోంది.

గేటు దగ్గర బేతో మామ ఉన్నాడు, ఉన్నాడు కదా, ఉన్నాడు. అడ్డగడియ వేసుకుని లోపల కూర్చుని ఉంటాడు, కడుపు పట్టుకుని. మేళం మొదటి పాట ఎత్తుకునేసరికి అందరూ వీధిలోకి పోయారు, బొమ్మ మొయ్యాల్సిన బేతో మామ మాత్రం నీళ్ళతొట్టి గట్టుమీద చతికిలబడి, "అయ్యో దేవుడా, పొద్దున తిన్న రొయ్యలు, నావల్ల కాదు" అన్నాడు. సంతలో మూటలు మోసే మనిషి, బియ్యం బస్తాని పిల్లి కూనలా ఎత్తేవాడు, పాలిపోయి ఉన్నాడు. మేళం మొదలయ్యాక బొమ్మ నేలమీద పడి ఉండకూడదు, మా కొండల్లో కూడా అంతే, నేలమీద ఉంటే ఆ బొమ్మ ఎవరిదో ఆ మనిషి ఏడాది తిరిగేలోగా మంచాన పడుతుందంటారు. రుతీలియో తాత అటూ ఇటూ చూశాడు. బొమ్మ మొయ్యగలవాళ్ళలో లోగిట్లో మిగిలిందల్లా నేనే. "నువ్వు రా పిల్లా." "తాతా, నేను గేటు..." "గేటుకి బేతో ఉన్నాడు. కూర్చోడానికి కడుపుతో పనేంటి? దూరు, దూరు." చట్రం నా నెత్తిమీదుగా దిగింది, చీకటి పడింది, జిగురు వాసన, కొత్త గుడ్డ వాసన. మా ఊళ్ళో పదిమందిలో పిలిస్తే బల్లకింద దూరే పిల్లని, ఇప్పుడు నగరం నడిమధ్యన రెండు నిలువుల ఎత్తున నడుస్తున్నాను. ఎవరికీ కనిపించడం లేదు కాబట్టి మొదట్లో కొంచెం సంతోషంగా కూడా అనిపించింది. అది నిజం, కొంచెం సంతోషించాను.

రాళ్ళు పరిచిన వీధి, ఊదారంగు గోడ, పసుపు గోడ, మళ్ళీ ఊదా. అన్నీ కొత్తగా వేసినవే, వాటి కిందున్న పాత రంగు నేను వచ్చిన కొత్తలో చూశాను. ఇక్కడ తాళంచెవులు చేసే కొట్టుండేది, ఇప్పుడు కాఫీ. ఇక్కడ పిండిమర ఉండేది, అది కూడా కాఫీయే. ఎవరో తెల్లపిల్ల తెర దగ్గరికి ముఖం పెట్టి పలకరిస్తోంది, నా కళ్ళు తనకి కనిపించవు, తన కళ్ళు నాకు నీలంగా పెద్దగా కనిపిస్తున్నాయి. పక్కనున్నవాడు వచ్చీరాని స్పానిష్‌లో పెళ్ళికూతురేదీ అని అడుగుతున్నాడు. మేళం, బొమ్మలు, పూలబుట్టలతో మేం తిరిగే ఈ కలెండా వాళ్ళకి పెళ్ళి ఊరేగింపే, శనివారం వస్తే మూడు నాలుగు తిరుగుతాయి, ఎక్కడెక్కడినుంచో వచ్చి ఇక్కడ పెళ్ళాడి, అద్దె బొమ్మల్ని, అద్దె మేళాన్ని వెంటబెట్టుకుని తిరిగి పోతారు. వెనకనుంచి పెద్దమ్మ గొంతు వినిపించింది: "పెళ్ళికూతుర్ని నేనే నాయనా! పెళ్ళికొడుకు ఆ హోటలు ఓనరు. కట్నంగా నా గది అడుగుతున్నాడు!" ఆడవాళ్ళు విరగబడి నవ్వారు. వాడికి అర్థం కాలేదు, వాడూ నవ్వాడు. మెచే అత్త, "నిన్నెవరు చేసుకుంటారే చోనా, నీ బొమ్మనైతే చేసుకుంటారు, అది నోరెత్తదు" అంది, మళ్ళీ నవ్వులు, తారాజువ్వ లేచి పైన ఎక్కడో పగిలింది, నా గుండె దానితోపాటు పగిలి మళ్ళీ అతుక్కుంది.

అదిగో ఆ గోడ. గోడంతా ఒక ముసలమ్మ ముఖం, రెండు జడలు, ముడతలు, ముడతల్లో పూలు. రాజధాని నుంచి వచ్చిన కుర్రాడెవరో నిచ్చెన వేసుకుని చాలా బాగా గీశాడు, కళ్ళయితే మనల్నే చూస్తున్నట్టు ఉంటాయి, జనం దాని ముందు నిలబడి ఫొటోలు దిగుతారు. ఆ గోడ వెనక కిందటేడు దాకా తోమాసా అవ్వ ఉండేది. ఇప్పుడు లేదు, కొండ అవతల కూతురి రేకుల షెడ్డులో ఉంది, బస్సుకి గంట. ఆ హోటలు వాళ్ళు మా లోగిలి ఖాళీ చెయ్యమన్నాక పెట్టుకున్న మీటింగులో పెద్దమ్మ లేచి తమాలె కుడుములు చుట్టే ఆకుతో గాలి విసురుకుంటూ అంది: "వీళ్ళకి గోడమీద ముసలమ్మ కావాలి. గోడ వెనక ముసలమ్మ అక్కర్లేదు." రుతీలియో తాత సిగరెట్టు ఆర్పేసి, "అయితే గోడంత ముసలమ్మని నేను చేస్తా. గోడమీద ఉండదు, వీధిలో నడుస్తుంది" అన్నాడు. ముగ్గురిని చేశాడు, పెద్దమ్మని, మెచే అత్తని, కుట్టుపని చేసే ఫిదెన్సియో తాతని. ఫిదెన్సియో తాత తన బొమ్మని చుట్టూ తిరిగి చూసుకుని, "దీనికి రెండు కాళ్ళూ బాగానే ఉన్నాయే, ఇదెవరి బొమ్మ?" అన్నాడు. ఆయన ఎడమకాలు పదేళ్ళనాడు లారీ కింద పోయింది. హోటలు ముందునుంచీ ఈ ముగ్గురూ నడవాలి, శాంతో దొమింగో గుడి దాకా నడిచి, అక్కడ మెట్లమీద మేము ఫలానా వీధి ఫలానా లోగిలి వాళ్ళం, మేం బతికే ఉన్నాం అని చెప్పాలి. చెప్పేది పెద్దమ్మ. నేను గేటు. నువ్వెలాగూ జనంలోకి రావుగా ఓదీ, అంది పెద్దమ్మ, ప్రేమగానే అంది. నువ్వు అడ్డగడియ వేసుకుని రేడియో పెట్టుకుని కూర్చో, ఎవరొచ్చినా తియ్యకు.

తెరలో బేతో మామ.

తెరలో బేతో మామ ముఖం, నవ్వుతూ, నుదుట చెమటతో, చేతిలో ప్లాస్టిక్ గ్లాసు. "అదరగొడుతున్నావే ఓదీ! కడుపు తేలికపడింది, ఒక్క గుక్క మెస్కల్ సారా తాగా, రొయ్యలన్నీ చచ్చాయి!" నేను అరిచాననుకున్నాను, నిజానికి గొణిగాను, "మామా, గేటో?" పెద్ద బాకా నా మాటమీద కూర్చుంది. మళ్ళీ అన్నాను. ఆయన చెవి తెరకి ఆనించి, "ఆ, గేటా? దగ్గరకి వేసొచ్చా. ఫిదెన్సియో ఉన్నాడుగా లోపల, మిషను దగ్గర. ఆయనెక్కడికి పోతాడు ఒంటికాలితో?" అని బొమ్మ పరికిణీ మీద ఒక చరుపు చరిచి తెరలోంచి వెళ్ళిపోయాడు. దగ్గరకి వేసొచ్చాడు. గడియ లోపలినుంచే పడుతుంది. దగ్గరకి వెయ్యడమంటే పిల్లి తోసినా తెరుచుకుంటుంది. కానీ ఫిదెన్సియో తాత ఉన్నాడు. మనిషి ఉన్న ఇంటికి కోర్టు కాగితం లేకుండా తాళం వెయ్యలేరు, ఖాళీ ఇంటికి ఎవరైనా వేస్తారు, అని చెప్పింది కూడా ఆయనే. కిందటి నెల చర్చి వెనక లోగిలి వాళ్ళందరూ ఒక చావుకి వెళ్ళొచ్చారు. వచ్చేసరికి గేటుకి ఇంత లావు గొలుసు, సామానంతా కాలిబాట మీద, పొయ్యి మీద పులుసు కుండతో సహా, పులుసు ఇంకా వెచ్చగా ఉందట. ఆ వెచ్చదనమే నాకు నిద్రపట్టనివ్వలేదు. పులుసు వెచ్చగా ఉండగానే ఇల్లు పోయింది. ఆ పులుసు తర్వాత ఏం చేశారు, తిన్నారా, కాలిబాట మీద కూర్చుని తిన్నారా.

తిరుగు, తిరుగు అని రుతీలియో తాత ఈల వేస్తున్నాడు. ఒక ఈల అంటే తిరగాలి, రెండంటే ఆగాలి, పొడుగు ఈల అంటే పైన తీగలున్నాయి, మోకాళ్ళు వంచాలి. నేను తిరుగుతున్నాను, వీధి నా చుట్టూ తిరుగుతోంది, ఊదా, పసుపు, పోలీసు నీలం, ఊదా. పోలీసు నీలమా? మళ్ళీ తిరిగితే కనిపించలేదు. నాకు ఆ గది కావాలి. పెద్దమ్మ మంచం కింద నా చాప చుట్టి ఉంటుంది, తెల్లవారకముందే ఆవిడ మొక్కజొన్న పిండి పిసికే చప్పుడుకి లేస్తాను, ముప్ఫై ఏళ్ళ మసి పట్టిన ఆ పైకప్పు కింద నేను చదువుకుంటున్నాను. మా ఊళ్ళో బడి టీవీ బడి, టీచరు ఒకడే, మూడు తరగతులకి టీవీ పాఠం చెబుతుంది, టీవీకి నేను భయపడలేదు, అది ఎదురు ప్రశ్న వెయ్యదు. ఆ బడి అయిపోయాక మిగిలిన చదువుకి ఇక్కడికి వచ్చాను. గది పోతే పెద్దమ్మకి కూతురు లేదు, రేకుల షెడ్డు కూడా లేదు. నేను తిరుగు బస్సు ఎక్కుతాను. ఆవిడ ఏ బస్సు ఎక్కుతుంది? ఈ నగరంలో ఆవిడకి తెలిసిన స్టాపు ఒక్కటే, మా వీధి మొదట్లోది.

"తాతా! తాతా!" అన్నాను. నా మాట గుడ్డకి తగిలి నా ముఖంమీదే పడింది. నలభై ఏళ్ళు మేళం ముందు నడిచినవాడు రుతీలియో తాత, చెవులు ఆ బాకాకే ఇచ్చేశాడు. నేను ఊగితే బొమ్మ ఊగింది, ఆయన చేతులు తట్టి, "అద్దీ! అలా ఊపు నడుం! చోనాకి కూడా ఈ నడుం లేదు!" అన్నాడు. లోపల ఉన్నవాళ్ళు మాట్లాడకూడదు, ముఖం చూపించకూడదు, చూపిస్తే బొమ్మ చచ్చిపోతుంది, అది చిన్నప్పటినుంచీ తెలుసు. చట్రం దించేసి బయటికి వస్తే? అంతమంది ముందు, బొమ్మ పొట్టలోంచి పాక్కుంటూ, చెమటకి అతుక్కున్న జుట్టుతో, వెర్రిదానిలా గేటు గేటు అని అరుస్తూ. ఎందుకు అరవడం? ఫిదెన్సియో తాత ఉన్నాడు కదా. ఒంటికాలు, కుట్టుమిషను, కళ్ళద్దాలకి దారం. ఆయన ఎప్పుడూ ఎక్కడికీ రాడు, గుడికి కూడా రాడు, దేవుడే అప్పుడప్పుడూ మిషను దగ్గరికి రావాలంటాడు. ఉన్నాడు. ఆయన్ని తలుచుకుంటూ నడిచాను, మిషను చప్పుడు తలుచుకుంటూ, అది మేళంలో డప్పు వాయించేదానికి సరిపోతోంది, టకటక టకటక, ఉన్నాడు ఉన్నాడు ఉన్నాడు.

తర్వాత జనం ఎందుకో పక్కకి జరిగి చప్పట్లు కొడుతున్నారు. తెరలోకి ముందు ఒక చక్రం వచ్చింది, సంతలో టమాటా పెట్టెలు తోసే బండి చక్రం. బండిమీద దుప్పటి. దుప్పటిమీద నల్ల టోపీ పెట్టుకుని, పెళ్ళినాటి కోటు వేసుకుని, ఉన్న ఒక్క కాలూ ముందుకి చాపుకుని, రాజులా ఫిదెన్సియో తాత. "నా బొమ్మ నడుస్తుంటే నేను కూర్చోవడమేంట్రా! ఇద్దరం కలిస్తే మూడు కాళ్ళు!" అని అరుస్తున్నాడు, తోసేవాళ్ళు నవ్వుతున్నారు, మెచే అత్త పూలు చల్లుతోంది. "మరి ఇల్లో తాతా?" అని ఎవరో అడిగారు. "ఓదిలియా ఉందిగా గేటుకి. వచ్చేటప్పుడు కనబడలేదు, సిగ్గుకి లోపలెక్కడో నక్కి ఉంటుంది. అది కదల్దు, బండరాయి లాంటి పిల్ల."

చల్లగా అయిపోయాను. అంత చెమటలో చల్లగా. కలెండా గుమ్మం ముందునుంచి పోతుంటే లోపల కూర్చునే మనిషి మా వాళ్ళలో పుట్టలేదు. మేళం పిలిస్తే రావాలి, బాలింత రావాలి, తగువులున్నవాళ్ళు రావాలి, రాకపోతే ఆ ఇంట్లో శవం ఉందనుకోవాలి. ఎవరు కనిపెట్టారో ఈ ఊరేగింపు సంగతి, మమ్మల్ని బయటికి రప్పించడానికి ఇంతకంటే మంచి మార్గం ఎవరికీ దొరకదు. మమ్మల్ని మేమే పిలుచుకున్నాం, తారాజువ్వలు కాల్చి మరీ పిలుచుకున్నాం. లోగిట్లో ఎవరూ లేరు. కోళ్ళున్నాయి. హోటలు మిద్దెమీద తెల్ల చొక్కా మనిషి ఇందాక ఫోన్లో మాట్లాడుతూ మమ్మల్ని చూసి చెయ్యి ఊపాడు, పెద్దమ్మ కూడా చెయ్యి ఊపింది. మమ్మల్ని లెక్కపెడుతున్నాడా? అందరూ వచ్చేశారు సార్, అని చెబుతున్నాడా? ముందు గుడి మెట్లు కనిపిస్తున్నాయి, మెట్లకి అడ్డంగా పోలీసులు, ఒకరి పక్కన ఒకరు, డాళ్ళతో. మేళం ఇంకా గట్టిగా వాయిస్తోంది. ఎడమవైపు సందు. ఆ సందు పడితే మా వీధి.

రుతీలియో తాత ఒక ఈల వేశాడు. నేను తిరిగాను, సగమే తిరిగాను, సందులోకి నడిచాను.

బొమ్మ ఎటుపోతే మేళం అటు పోవాలి, అది కూడా కలెండానే. పూలబుట్టలు బొమ్మ వెనక, మేళం పూలబుట్టల వెనక, జనం మేళం వెనక. కానీ నా వెనక ఎవరైనా వస్తున్నారో లేదో నాకు కనిపించదు, బొమ్మకి వెనక కన్ను లేదు. ఈలలు వినిపించాయి, రెండు, మళ్ళీ రెండు, ఆగు ఆగు. ఆగలేదు. పొడుగు ఈల. మోకాళ్ళు వంచాను, ఆలస్యంగా వంచాను, పైన ఏదో గీసుకుంది, చర్రుమంది, పెద్దమ్మ జడ ఒకటి తెగి తెరమీదుగా వేలాడింది, కరెంటు తీగా, కేబులు తీగా, ఇంకా బతికే ఉన్నాను కాబట్టి కేబులే. వంగి నడిచాను, బాతులా. అప్పుడు పెద్దమ్మ గొంతు, దూరంనుంచి, ఒగరుస్తూ: "ఒరేయ్ బేతోగా! ఎక్కడికిరా, తాగుబోతు వెధవా! గుడి అటుంది! నా తల పగలగొడతావేంట్రా!" తిట్టు పెద్దమ్మా, తిడుతూనే ఉండు, తిడుతున్నావంటే వస్తున్నావన్నమాట. అంతలో మేళం ఆగిపోయింది. బాకా సగం ఊపిరిలో ఆగింది. ఎందుకు ఆగింది? పోలీసులు వాళ్ళని పట్టుకున్నారా, నాతో రావడం మానేశారా? నా అడుగుల చప్పుడు ఒక్కటే, బద్దల కిరకిర ఒక్కటే. ఖాళీ వీధిలో ఒంటరిగా నడిచే రెండు నిలువుల ముసలమ్మ. భయమంటే నాకు ఇంతవరకూ మనుషులు నన్ను చూడడమే. ఎవరూ చూడకపోవడం ఇంకా పెద్ద భయమని నాకు తెలీదు.

మా వీధి. మా గోడ. గోడకి ఆనించి వ్యాను. గేటు ఒక రెక్క బార్లా తెరిచి ఉంది, ఇద్దరు మనుషులు, ఒకడి భుజాన గొలుసు, ఇంత లావు. కాలిబాట మీద పెద్దమ్మ రుబ్బురాయి. ముందు దాన్నే తెచ్చారు, అంత బరువుదాన్ని, ఎందుకు ముందు దాన్ని? వాళ్ళు నన్ను చూశారు, బొమ్మని చూశారు, నవ్వు మొదలైంది వాళ్ళ ముఖాల్లో. బొమ్మని చూసి నవ్వని మనిషి ఈ ఊళ్ళో లేడు. గొలుసువాడు ఫోను తీసి పక్కకి జరిగాడు, ఫొటో బాగా రావాలని జరిగాడు, దారి వదిలాడు. నేను పరుగెత్తాను. రెండు నిలువుల మనిషి ఒక నిలువు గుమ్మంలోకి. పొద్దున బొమ్మని పడుకోబెట్టి కదా బయటికి తెచ్చాం అన్న సంగతి గుమ్మం కమాను పెద్దమ్మ ఛాతీకి తగిలాక గుర్తొచ్చింది. ఫెళ్ళుమని ఒక బద్ద విరిగింది, నా భుజంలో దిగింది. నేను గుమ్మం లోపల, బొమ్మ నడుము కమానులో ఇరుక్కుని, ముందుకీ పోలేను, వెనక్కీ రాలేను, ఆవిడ తల బయట గోడకి కొట్టుకుంటోంది.

"ఏయ్, వెనక్కి తియ్యి. తలుపు వెయ్యాలి." ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. తర్వాత నవ్వడం లేదు. "తియ్యమంటే నిన్నే! ఎవడ్రా లోపల?" చేతులు గుడ్డని పట్టుకుని లాగుతున్నాయి, ఎక్కడో దారాలు పటపటమని తెగుతున్నాయి. తలుపు రెక్క వచ్చి నా మోచేతికి తగిలింది, మళ్ళీ తగిలింది, ఇంకా గట్టిగా. చినిగిన గుడ్డలోంచి రెండు చేతులూ చాచి గుమ్మం కొయ్యల్ని పట్టుకున్నాను. మాట్లాడకూడదు. ముఖం చూపించకూడదు. నోట్లో ఉప్పగా ఉంది. ఇంకో దెబ్బకి వేళ్ళు వదిలేస్తాయి, వదిలేస్తే ఇంతే.

వెనకనుంచి పరికిణీ లేచింది, వెలుతురు వచ్చింది, ఒక చెయ్యి నా మడమ పట్టుకుంది. "దొరికావురా బేతో, నీ తాగుడు..." ఆ చెయ్యి ఆగింది. మడమని తడిమింది, నా కాలి పట్టీని తడిమింది. నేను ఊపిరి పీల్చలేదు. వంగి లోపలికి చూస్తున్న పెద్దమ్మ ముఖం నాకు కనిపించదు, ఊపిరి వినిపిస్తోంది, పరిగెత్తిన ముసలి ఊపిరి.

"ఓదీ? నువ్వా?" అంది. "మరి గేటు దగ్గర ఎవరే?"

"నేనే పెద్దమ్మా," అన్నాను. "గేటు దగ్గరే ఉన్నాను."

ఆవిడ వెనక చాలా కాళ్ళ చప్పుడు, బండి చక్రం చప్పుడు, రాళ్ళమీద ఎవరో బాకా కింద పెట్టిన చప్పుడు. తలుపు మళ్ళీ వచ్చి తగిలింది, చిటికెన వేలు ఏమైందో తెలీదు. అప్పుడు అరిచాను. నాలో అంత గొంతుందని నాకు తెలీదు, బొమ్మ కడుపంతా మోగింది, కోళ్ళు చెదిరి పరిగెత్తాయి.

"వెనకనుంచి లోపలికి తొయ్యండి! అందరూ తొయ్యండి! బొమ్మ విరిగినా ఫర్వాలేదు, తొయ్యండి!"

ఎవరి అరచేతులో నా వీపుమీద పడ్డాయి.